రికార్డు కడగడమూ పాఠపరిష్కరణే

మా సంగంలో ఒక పాత ఇంటి అటక మీదినుంచి దించిన గ్రామఫోను రికార్డులను శుభ్రం చెయ్యబోయి, ఒకదాన్ని నేనే పాడుచేశాను. బూజు పోతుంది గదా అని స్పిరిటుతో తుడిచాను. పళ్లెం మసకబారింది, దూదికి నల్లటి జిగురంటింది. హరిశ్చంద్ర పద్యమొకటి ఆ దూదితో పోయింది. తెలుగు ఎం.ఏ.లో లక్క స్వభావం చెప్పరు మరి!

నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డు లక్కలో రాతిపొడి కలిపి చేసింది. లక్క ఆల్కహాలులో కరుగుతుంది. కనుక దాన్ని స్వేదనజలంలో ఒక్క చుక్క సబ్బుద్రావకం వేసి కడగాలి. మెత్తని కుంచెను గాడి వెంబడే నడపాలి, అడ్డంగా కాదు. నడుమనున్న కాగితం తడవనివ్వకూడదు. గాయకుడి పేరూ, రికార్డు సంఖ్యా ఉండేది దానిమీదే. ఆరబెట్టడం నీడలోనే. ఎండ తగిలితే పళ్లెం వంగిపోతుంది.

ఇక వినిపించడం. ఎల్.పి. రికార్డుల ముల్లు దీనికి పనికిరాదు. దాని మొన సుమారు 25 మైక్రాన్లుంటే, ఈ గాడికి సుమారు 75 మైక్రాన్ల మొన కావాలి. సన్నముల్లు గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది. తొలినాటి రికార్డులన్నీ కచ్చితంగా 78 చుట్లవీ కావు. వేగం ఆరు శాతం హెచ్చితే శ్రుతి ఒక స్వరస్థానం పెరుగుతుంది. మగవాడి కంఠం కుర్రవాడిదవుతుంది. దాన్ని విని ఆనాటి పద్యపఠన సంప్రదాయం మీద సిద్ధాంతాలు చేసే విమర్శకుడి గతి ఏమిటి?

అసలు చిక్కు కంప్యూటరులోకి ఎక్కించాక వస్తుంది. గరగర తగ్గించే ప్రోగ్రాములున్నాయి. కాని ఆ గరగర ఉండే ఎత్తైన ధ్వనులలోనే మన స, శ, చ ల ఊపిరీ ఉంటుంది. చప్పుడును మరీ తోమితే ఉచ్చారణ అరుగుతుంది. తొలి రోజుల్లో పాట చివర గాయకులు తమ పేరు చెప్పుకునేవారు. అది సంగీతం కాదని కత్తిరించేసేవారూ ఉన్నారు. 1829లో వేమన పద్యాలు అచ్చువేసిన బ్రౌను అనేక తాళపత్ర ప్రతులు పోల్చాడు. ప్రతులను కాల్చేసి అచ్చుపుస్తకం ఒక్కటే మిగిల్చి ఉంటే, ఆయన ఎంపికను ప్రశ్నించే ఆధారమే మనకుండేది కాదు. రికార్డుకీ అంతే. ఏమీ తుడవని ప్రతిని ముందు భద్రపరచాలి. దానికి 96 కిలోహెర్ట్‌జులు, 24 బిట్లు వాడతారు. శుభ్రం చేసింది రెండో ప్రతి మాత్రమే.

ఈ పట్టుదల ఎందుకంటే మన మాటకు మిగిలిన సాక్ష్యం బహు స్వల్పం. కంపెనీలు అమ్ముడుపోయేదే రికార్డు చేశాయి: నాటక పద్యాలు, కీర్తనలు. నాట్లు వేసే ఆడవాళ్లను స్టూడియోకు ఎవరు పిలుస్తారు? గ్రియర్సను భాషా సర్వేక్షణ పరిధిలో మద్రాసు రాజధాని లేదు. అయినా 1920లలో ఇక్కడి భాషలను కూడా రికార్డుల కెక్కించారు. చెప్పించింది బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథ. కథ వారిది, గొంతు మనది. ఆ సర్వేక్షణ రికార్డులను తర్వాత చికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయం అందరూ వినేలా చేసింది. మాండలికం మీద పనిచేసే విద్యార్థికి అక్కడ ఒక దీర్ఘం, ఒక ఒత్తు కూడా విలువైనవే. వాటిని గరగరతో కలిపి ఊడ్చేస్తే మళ్లీ చెప్పించడానికి ఆ మనిషి లేడు.

మా అటక రికార్డుల్లో ఒకటి బీటవారింది. దాన్ని కడగలేదు, పొడి కుంచెతో దులిపి వేశాం. చుట్టుకొక టక్కు వినబడుతూనే ఉంది, పద్యమూ వినబడుతూనే ఉంది. మొదటి ప్రతిలో ఆ టక్కును అలాగే ఉంచాం.