మోకాలి చాటున వాపు

మన శరీరములో మనము తేఱిపార చూచుకొనని భాగములు కొన్ని కలవు. మోకాలి వెనుక నున్న గుంట అట్టివానిలో నొకటి. మోకాటిచిప్పకు చిన్న గాయమైనను వెంటనే కంటబడును గాని, దాని వెనుకవైపున ఉబ్బు లేచినచో, పీటమీద కూర్చొనబోయినపుడు కాలు పూర్తిగా ముడుచుకొనక బిగిసినట్లు తోచుటచేతనో, స్నానమువేళ చేయి తగులుటచేతనో, వెనుకనుండి ఎవరైన చూచి చెప్పుటచేతనో తప్ప, మనకది తెలియదు. తెలిసిన వెంటనే ఇంటిలో వినబడు సలహాలు రెండు. నీరు పట్టినది, వావిలాకు వేసి కాపడము పెట్టుమనునది మొదటిది. నరము పట్టినది, నూనె రాచి గట్టిగా తోమించుమనునది రెండవది. నీరు పట్టినదను మాటలో చాలవఱకు సత్యము కలదు. తోమించుమను మాట కొన్ని సందర్భములలో ప్రాణముమీదికి తెచ్చును.

ఇది యెట్లో తెలియుటకు ఆ గుంటలో నేమున్నదో ముందుగా చూడవలెను. తొడ వెనుకనుండి దిగివచ్చు స్నాయువులు పైన ఇరువైపులను, పిక్కకండరపు రెండు తలలు క్రిందను హద్దులుగా నిలిచిన ఆ యిఱుకైన చోట, కొవ్వుపొరల నడుమ, పాదమువఱకును రక్తమును కొనిపోవు ధమనియు, ఆ రక్తమును గుండెవైపునకు మరలించు సిరయు, కాలికి స్పర్శను చలనమును ఇచ్చు నాడులును, కొన్ని లసికాగ్రంథులును సర్దుకొని యున్నవి. వీనికి ముందు, ఒక పలుచని పొర చాటున, మోకాలికీలు కలదు. అచ్చట లేచిన వాపు వీనిలో దేనినుండియైనను పుట్టియుండవచ్చును. చర్మముపైనుండి చూచువారికి మాత్రము అన్నియు ఇంచుమించుగా నొక్కరీతిగనే కనబడును.

మిక్కిలి తఱచుగా కనబడునది కీలునీటి తిత్తి. వైద్యులు దీనిని బేకర్ సిస్ట్ అందురు. డబ్లిన్ నగరమందలి రాబర్ట్ ఆడమ్స్ 1840లోనే దీనిని వర్ణించినను, లండనులోని సెయింట్ బార్తొలొమ్యూస్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు విలియం మారంట్ బేకర్ 1877లో, రోగగ్రస్తమైన మోకాలికీలునుండి వెలువడిన నీరే వెనుకకు చేరి ఈ తిత్తిని ఏర్పఱచునని విశదీకరించుటచేత, పేరు ఆయనకు దక్కినది. ఆరోగ్యవంతమైన మోకాలిలో నుండు జిగటనీరు కొద్ది మిల్లీలీటర్లు మాత్రమే. మనవారు గుజ్జు అరిగిపోయినదని చెప్పుకొను వయోధర్మపు కీళ్లవ్యాధిలో గాని, కీళ్లవాతములో గాని, ఎముకల నడుమ నుండు నెలవంక ఆకారపు మృదులాస్థి చిరిగినపుడు గాని, కీలు లోపలి పొర ఉద్రేకము చెంది, ఆ నీటిని అధికముగా స్రవించును. కాలు కదలినపుడెల్ల ఆ నీటిపై ఒత్తిడి హెచ్చి, అది వెనుకనున్న రెండు కండరముల సందుగుండా అచ్చటి చిన్న సంచిలోనికి తోయబడును. సైకిలు ట్యూబు వాల్వువలె ఆ మార్గము లోనికి పోనిచ్చునే గాని సులభముగా వెనుకకు రానీయదు.

ఇట్లు పుట్టిన ఉబ్బు గుంటకు లోపలివైపున, అనగా రెండవ మోకాలికి అభిముఖమైన వైపున, సాధారణముగా కనబడును. కాలు చక్కగా చాచినపుడు గట్టిపడి, సగము మడచినపుడు మెత్తబడి, ఒక్కొక్కప్పుడు అదృశ్యమగుట దీని స్వభావము. దీనివలన ప్రాణభయము లేదు. కాని తిత్తిని మాత్రమే చూచి మోకాలిని విడిచిపెట్టిన చికిత్స నిలువదు; సూదితో నీరు తీయించుకొన్నను, కత్తితో తిత్తినే తీసివేయించుకొన్నను, కీలులోని కారణము అట్లే యున్నచో అది మరల నిండుట సర్వసాధారణము. కావున తొడకండరములకు బలమిచ్చు వ్యాయామము, బరువు తగ్గించుకొనుట, కీళ్లవాతమున్నవారు దానికి తగిన మందులు క్రమము తప్పక వాడుట, అవసరమైనచో కీలులోనికి సూదిమందు, ఇవియే దీనికి సరియైన మార్గము.

ఇంత సాధువైన తిత్తియే ఒకనాడు హఠాత్తుగా పగిలి, అందలి నీరు పిక్కలోనికి దిగినచో, రోగికి పిక్కలో ఏదియో పుటుక్కున తెగినట్లును, లోపల వెచ్చని నీరు జాఱినట్లును తోచును. గంటలలో పిక్క వాచి, ఎఱ్ఱబడి, తాకనీయదు. కొందఱికి చీలమండ దిగువను కమిలిన మచ్చ తేలును. సిరలో రక్తము గడ్డకట్టినపుడు కలుగు లక్షణములును ఇంచుమించుగా నివియే. అనుభవజ్ఞుడైన వైద్యుడును చేతితో తడవి ఈ రెంటిని నిశ్చయముగా వేఱుచేయజాలడు. పొరపాటు ఏ వైపున జరిగినను నష్టమే: సిరలోని గడ్డను నీటితిత్తి యనుకొని ఊరకుండుట ప్రమాదము, పగిలిన తిత్తిని సిరలోని గడ్డ యనుకొని రక్తము పలుచబడు మందు నిచ్చినచో పిక్కలోనే రక్తస్రావము కావచ్చును. సూది గుచ్చనక్కఱలేని, నొప్పిలేని డాప్లర్ స్కాన్ ఈ సంశయమును చాలవఱకు తీర్చగలదు.

సిరలో రక్తము గడ్డకట్టుటకు హేతువులు మూడని, పందొమ్మిదవ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరిట, నేటికిని వైద్యవిద్యార్థులు వల్లించుచుందురు: రక్తప్రవాహము మందగించుట, నాళపు గోడ దెబ్బతినుట, రక్తమునకే గడ్డకట్టు గుణము హెచ్చుట. తుంటియెముక విఱిగి మంచమున పడినవారు, కాలికి పిండికట్టు వేయించుకొన్నవారు, శస్త్రచికిత్సనుండి కోలుకొనుచున్నవారు, క్యాన్సరుతో బాధపడువారు, కొన్ని గర్భనిరోధక మాత్రలు వాడువారు, హైదరాబాదునుండి అమెరికాలోని బిడ్డలయొద్దకు పోవుచు గంటల తరబడి కాళ్లు కదపక విమానములో కూర్చొను తల్లిదండ్రులు, వీరందఱును ఈ విషయమున జాగరూకులై యుండవలసినవారే. వీరికంటెను నా మనస్సును ఎక్కువగా కలచువారు బాలింతలు. కాన్పునకు పిదప ఆఱు వారములవఱకు రక్తమునకు గడ్డకట్టు గుణము హెచ్చుగా నుండును. సరిగా ఆ దినములలోనే, మన యిండ్లలో కొన్నింట, బాలింతను మంచము దిగనీయక, ఒంటికి నీరు పట్టునను భయముతో దాహమునకు సయితము నీటిని కొలిచి యిచ్చు ఆచారము పూర్తిగా పోలేదు. ప్రేమతో పుట్టిన ఆచారమే యైనను, కదలిక లేమియు నీటి కొఱతయు కలిసి గడ్డకట్టుటకు తోడుపడును. అట్టి తల్లికి ఒక పిక్క బరువెక్కి, మోకాలి వెనుక నొప్పి పుట్టి, కాలు వాచినపుడు, వాతమని తలచి నూనె రాచి తోముట యెంతటి సాహసమో పెద్దలు గ్రహింపవలెనని నా ప్రార్థన. సిరలోని గడ్డ తునిగి, రక్తముతో పైకి పోయి, గుండె దాటి ఊపిరితిత్తుల ధమనిలో చిక్కుకొన్నచో, హఠాత్తుగా ఆయాసము, ఊపిరి పీల్చినపుడు ఱొమ్ములో పోటు, దగ్గులో రక్తపుజీర, స్పృహ తప్పుట మొదలగునవి కలుగును. వీనిలో నేది కనబడినను మోకాలి సంగతి పక్కనబెట్టి 108కి ఫోను చేయవలెను.

వాపు ఏపాటిదో తెలియుటకు దర్జీలు వాడు టేపు చాలును. మోకాటిచిప్పకు దిగువ ఎముకమీద తగులు గుబ్బనుండి 10 సెంటీమీటర్లు క్రిందికి గుర్తుపెట్టి, రెండు పిక్కల చుట్టుకొలతలను పోల్చి చూచినపుడు, 3 సెంటీమీటర్లకు మించిన తేడా యున్నచో ఆనాడే వైద్యునికి చూపవలెను. తేడా తక్కువగా నున్నంత మాత్రమున, పైన చెప్పిన స్థితిలో నున్నవారు ఉపేక్షింపరాదు.

తాకి చూచినపుడు నాడితోపాటు కొట్టుకొను ఉబ్బు మఱియొక జాతిది. అది ధమని గోడ బలహీనపడి ఉబ్బుటవలన కలుగునది. అరువది దాటిన పురుషులలో, అందును చుట్టయో బీడీయో సిగరెట్టో చిరకాలము కాల్చినవారిలో, ఎక్కువగా కనబడును. దాదాపు సగముమందికి రెండవ కాలిలోను ఉండును, కొందఱికి కడుపులోని మహాధమనియు ఉబ్బియుండును. పూర్వము లండను నగరపు గుఱ్ఱపుబండి తోలువారిలో ఇది విరివిగా కనబడెడిది. ఆ దినములలో కాలు తీసివేయుటయో, ఉబ్బునే కోసి ధమనిని అచ్చటనే కట్టుటయో తప్ప వేఱు మార్గము లేకుండగా, 1785లో సెయింట్ జార్జ్ ఆసుపత్రియందు జాన్ హంటర్ అట్టి బండివాడొకనికి, ఉబ్బు జోలికి పోక, పైన తొడలో ధమని ఆరోగ్యముగా నున్నచోట ముడివేసెను. ప్రక్కనాళములే క్రమముగా పెద్దవై కాలిని పోషింపగలవను ఆయన విశ్వాసము ఫలించి, రోగి కాలు నిలిచినది. తొడలో ఆయన ముడివేసిన తావును నేటికిని హంటర్ పేరుతోనే వ్యవహరింతురు. ఈనాడు శస్త్రవైద్యులు ధమనికి క్రొత్త దారి నిర్మించియో, లోపల గొట్టమమర్చియో దీనిని సరిచేయుచున్నారు. ఈ ఉబ్బు పగులుటకంటె, అందు రక్తము గడ్డకట్టి క్రింది ధమనులు మూసికొనుటయే పెద్ద భయము. అప్పుడు పాదము చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కును, గంటలలో చికిత్స జరుగనిచో కాలు దక్కకపోవచ్చును. మోకాలి వెనుక ఉబ్బును సెగగడ్డ యనుకొని స్కాన్ లేకుండ సూది గుచ్చించుటయు, కోయించుటయు ఎన్నటికిని కూడదని నేను నొక్కి చెప్పుట ఇందుకొఱకే.

తక్కిన కారణములను క్లుప్తముగా చెప్పవచ్చును. గోదావరి జిల్లాలలోను శ్రీకాకుళపు తీరమునను బోదకాలు చిరకాలముగా పరిచితమగుటచే, కాలు వాచినచో ఫైలేరియాయే యనుకొనువారు పెక్కురు. కాని అది చలిజ్వరముతోను గజ్జలలో బిళ్ళ కట్టుటతోను వచ్చుచు, సాధారణముగా పాదము, కాలి దిగువభాగమునుండి పైకి వ్యాపించునే గాని, మోకాలి వెనుక ఒంటరిగా ఉబ్బై నిలుచుట దాని తీరు కాదు. రాత్రివేళ తీయు రక్తపరీక్ష అందుకొఱకే కలదు. రెండు కాళ్లును సమముగా వాచినచో గుండె, మూత్రపిండములు, కాలేయము వీని స్థితిని పరీక్షింపవలెను. రక్తపుపోటునకు వాడు కొన్ని మాత్రలును చీలమండలను వాపజేయును. జ్వరముతో మోకాలు ఎఱ్ఱబడి, వేడెక్కి, కదపనీయకున్నచో, విశేషించి మధుమేహము గలవారు, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. గట్టిగా, నొప్పి లేకుండ, నెలనెలకు పెరుగుచు, 5 సెంటీమీటర్లు మించిన గడ్డ, లేదా రాత్రి నిద్ర లేపు నొప్పిగల గడ్డ, కణితియగునేమో అని ఎం.ఆర్.ఐ. తీయించి చూడదగినది, అట్టిది యువకులలోను రావచ్చును గనుక వయస్సు చూచి ఊరడిల్లరాదు.

వీనిలో నేదియు గాక, మోకాలి నొప్పితోపాటు మెల్లగా లేచి, కాలు మడచినపుడు మెత్తబడు ఉబ్బైనచో, ఒకటి రెండు వారములలో తీరిక చేసికొని వైద్యుని చూచినను చాలును. ఎప్పటినుండి యున్నది, కాలు చాచినపుడు మాఱునా, ఇటీవల మంచమున పడుట, ప్రయాణము, కాన్పు, దెబ్బ ఏవైన జరిగినవా, ఏ మందులు వాడుచున్నారు అను నాలుగు సంగతులను వ్రాసికొనిపోయినచో వైద్యుని పని సగము తేలికపడును.

పసిపిల్లల విషయము మాత్రము వేఱు. నాలుగేండ్లనుండి ఏడేండ్ల ప్రాయములో, ముఖ్యముగా మగపిల్లలలో, మోకాలిలో నే దోషమును లేకయే ఈ నీటితిత్తి కనబడుట కలదు. స్కాన్‌లో అది నీరేయని రూఢి చేసికొనిన పిదప, శస్త్రము ముట్టక, ఒకటి రెండు సంవత్సరములు గమనించుచున్నచో, చాలమందిలో తనంత తానే తగ్గిపోవును.