తార్నాక నుంచి రాయదుర్గం దాకా ఒక బుల్లి సైన్యం

తార్నాక మెట్రో స్టేషన్‌లో మెట్లెక్కి పైకి వెళ్లగానే సంచిని ఎక్స్‌రే యంత్రం పట్టీ మీద పెట్టమంటారు. అప్పటిదాకా వీపున నిటారుగా వేలాడిన సంచి అక్కడ వెల్లకిలా పడుకుంటుంది. లోపల పుస్తకాలో లాప్‌టాపో ఉంటే పట్టించుకోనక్కర్లేదు. సాంబారు గిన్నె ఉంటే కొంచెం ఆలోచించాలి. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్ నుంచో హబ్సిగూడ వీధుల నుంచో వచ్చిన కుర్రాడి సంచిలో రంగులద్దిన ముప్పై బొమ్మ సైనికులుంటే మాత్రం అతని కళ్లు ఆ యంత్రం మీదే ఉంటాయి. ఒక్కో సైనికుడు బొటనవేలు పైకణుపంత. చేతిలోని ఈటె అగ్గిపుల్లకన్నా సన్నం. ఆ ముప్పై మందికి రంగులేయడానికి నెలలు పట్టి ఉంటుంది.

ఈ ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. బల్ల మీద గుట్టలు, గోడలు, శిథిలాలు పేర్చి, రెండు సైన్యాలను నిలబెట్టి, టేపుతో దూరం కొలిచి నడిపిస్తూ, పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకునే యుద్ధం ఇది. 1824లో ప్రష్యా సైన్యం తన అధికారుల శిక్షణకు క్రీగ్స్‌పీల్ అనే పటం ఆటను వాడింది. 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ రాసి, సీసపు సైనికులతో ఇంట్లో ఆడుకునే నియమాలు తయారుచేశాడు. ఇవాళ ఎక్కువమంది ఆడేది బ్రిటన్‌లోని గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల ‘వార్‌హామర్’. దాని మొదటి ముద్రణ 1983లో వచ్చింది. అంతరిక్ష యుద్ధాల ‘వార్‌హామర్ 40,000’ వచ్చింది 1987లో. వీటి బొమ్మలు 28 నుంచి 32 మిల్లీమీటర్ల కొలతలో ఉంటాయి. ఎవరి సైన్యాన్ని వాళ్లే కొని, అతికించి, రంగులేసుకోవాలి. ఎదుటివాడు ఎక్కడుంటే అక్కడికి మోసుకుపోవాలి.

హైదరాబాద్‌లో అసలు చిక్కు ఈ మోతతోనే. ఆడేవాళ్లు తక్కువ, ఉన్నవాళ్లు ఊరంతా చెదిరి ఉన్నారు. తార్నాకవాడికి జోడీ కొండాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో దొరుకుతాడు. నీలం లైన్ మీద తర్వాతి స్టేషన్ మెట్టుగూడ నుంచి లెక్కపెడితే రాయదుర్గం పదిహేడో స్టేషన్. అక్కడి నుంచి మళ్లీ ఆటో. సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగంలో ఉన్న బొమ్మ సైనికులకు ఈ కష్టం లేదు, గాజు బీరువాలో నిలబడి ఉంటే చాలు.

ఈ మోతకు పెట్టె కొనబోయేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ‘ఎన్ని పడతాయి?’ అని. నన్నడిగితే ముందు అడగాల్సింది ‘లోపల ఏది కదులుతుంది?’ అని. పెట్టె కిందపడి బొమ్మ విరగడం ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. రోజూ జరిగేది వేరు. ప్రతి కుదుపుకూ బొమ్మ ఒక మిల్లీమీటరు జరుగుతుంది, పక్కదాన్నో గోడనో తాకుతుంది, మోకాలి దగ్గరా ముక్కు కొసనా రంగు లేచిపోతుంది. ఎవరూ చూడరు. ఇంటికొచ్చాక దీపం కింద పెట్టి చూస్తే తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆ కదలికను ఆపే మార్గాలు రెండే: బొమ్మ ఒంటిని పట్టుకోవడం, లేదా కాళ్లను పట్టుకోవడం. మార్కెట్లో ఎన్ని రకాల పెట్టెలున్నా చివరికి ఈ రెంటిలో ఒకటే.

ఒంటిని పట్టుకునేది స్పాంజి. పలకలో గుంటలుంటాయి, ఒక్కో గుంటలో ఒక్కో సైనికుడు పడుకుంటాడు. జర్మనీ ఫెల్డ్‌హెర్, అమెరికా బ్యాటిల్ ఫోమ్, బ్రిటన్ కేఆర్ మల్టీకేస్ ఈ పద్ధతికి పేరుపొందిన కంపెనీలు. కేఆర్ వాళ్లయితే మెత్తటి స్పాంజి పలకలను గట్టి అట్టపెట్టెలో పెట్టి అమ్ముతారు. అట్టపెట్టె అని తీసిపారేయకండి, పని చేసేది లోపలి స్పాంజే, బయటిది దానికి చొక్కా. అయితే వీటిని ఇక్కడికి తెప్పించుకోవడం ఖరీదైన వ్యవహారం. విదేశీ కొరియర్లు తేలికైన సరుకుకు దాని బరువు చూడవు, అది ఆక్రమించే చోటును చూస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేదే వాళ్ల లెక్కలో కిలోలు. 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టె చేతిలో కిలోన్నర కూడా తూగకపోవచ్చు. బిల్లు మాత్రం 7.2 కిలోలకు పడుతుంది. దాని మీద కస్టమ్స్ సుంకం అదనం.

అందుకే చాలామంది ఇక్కడే తయారుచేయించుకుంటారు. రాణీగంజ్‌లో స్పాంజి, రబ్బరు షీట్లు అమ్మే దుకాణాలున్నాయి. వెళ్లేముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వేలితో నొక్కితే వెంటనే పైకి లేచే మెత్తటి స్పాంజి సన్నటి ఈటెలున్న ప్లాస్టిక్ బొమ్మలకు పనికొస్తుంది. టీవీల చుట్టూ వచ్చే తెల్లటి ఈపీఈ ఫోమ్ గట్టిది, అడుగున పరచడానికి బాగుంటుంది కానీ బొమ్మ చేతిలోని కత్తి కొసకు ఆనిస్తే ఓడేది కత్తే. థర్మోకోల్ జోలికి అసలు పోవద్దు, దానికి ఒదిగే గుణం లేదు, రాలిన పూసలు బొమ్మ చంకల్లో ఇరుక్కుంటాయి. చిన్న చిన్న చదరాలుగా ముందే కోసి, కావలసినన్ని పీకేసుకునేలా వచ్చే పలకలు చూడటానికి సౌకర్యం. కానీ ఆ గుంటల గోడలు గరుకుగా ఉంటాయి, పదును అంచుల మీది రంగు మీద నెమ్మదిగా రాపిడి పెడతాయి. అంచు నున్నగా తెగిన గుంట నాకు ఎప్పుడూ నమ్మకం. గుంట ఎంత లోతుండాలంటే, బొమ్మ పడుకున్నాక పైపలక దాన్ని నొక్కకూడదు, అలాగని కిందామీదా పడేంత ఖాళీ కూడా ఉండకూడదు.

బొమ్మ దేనితో చేసిందన్నది ఇక్కడ తేడా తెస్తుంది. పాలీస్టైరీన్ ప్లాస్టిక్ సాంద్రత 1.05 చుట్టూ ఉంటుంది, తగరానిది 7.3. అంటే అదే సైజు తగరపు బొమ్మ ప్లాస్టిక్‌దానికి దాదాపు ఏడింతలు బరువు. ప్లాస్టిక్ సైనికుడికి సన్నటి చోట విరిగే భయం. లోహపు సైనికుడు సాధారణంగా విరగడు, వంగుతాడు. పైగా తన బరువుతోనే తన రంగు గీసుకుంటాడు, పక్కవాణ్ణి కూడా పాడుచేస్తాడు. లోహం, ప్లాస్టిక్ ఒకే అరలో కలిపి వేయకపోవడం మేలు. తాతలనాటి సీసపు బొమ్మలు ఎవరి దగ్గరైనా ఉంటే వాటికి చెక్కపెట్టె వద్దు. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినేస్తుంది, మీద తెల్లటి బూజులాంటి పొడి పడుతుంది. మ్యూజియంవాళ్లకు ఇది బాగా తెలిసిన జబ్బు.

ఇక కాళ్లు పట్టుకునే పద్ధతి. ప్రతి బొమ్మ కింద గుండ్రటి పీట ఉంటుంది. 25, 32, 40 మిల్లీమీటర్లు మామూలు కొలతలు. పీట అడుగున చిన్న నియోడిమియం అయస్కాంతం అతికిస్తారు, ఐదు మిల్లీమీటర్ల వ్యాసం, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్నది చాలు. పెట్టె అడుగున ఇనుప రేకు. సైనికులు బారులు తీరి నిలబడతారు, ఒంటిని ఏదీ తాకదు, రంగు చెక్కు చెదరదు. రెక్కలున్న రాక్షసులకు, జెండాలు పట్టుకున్నవాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదు. అలాంటి బొమ్మకు స్పాంజిలో గుంట కోయడమంటే ఇంటి ప్లాన్ గీసినంత పని.

ఈ పద్ధతి మొదలుపెట్టినవాళ్లు తరచూ స్టీలు సామాన్ల దుకాణం దగ్గర బోల్తాపడతారు. చక్కటి వెడల్పాటి డబ్బా, మూతకు క్లిప్పులు, చూడగానే ముచ్చటేస్తుంది. జేబులోంచి అయస్కాంతం తీసి ఆనిస్తే జారి కింద పడుతుంది. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఒక దుకాణదారు నా చేతిలో అయస్కాంతం చూసి గర్వంగా అన్నాడు: “మాగ్నెట్ పట్టదు సార్, ఒరిజినల్ స్టీల్!” నాకు పట్టేదే కావాలన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, “గట్లయితే ఇండక్షన్ సామాను చూడుర్రి” అన్నాడు. ఆయన అన్నదాంట్లో లోహశాస్త్రం ఉంది. నికెల్ ఎక్కువగా కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలు లోపలి పరమాణువుల అమరిక వేరు, అయస్కాంతానికి అది లొంగదు. క్రోమియం మాత్రమే ప్రధానంగా ఉండే రకాలు లొంగుతాయి. ఇండక్షన్ పొయ్యి మీద పెట్టే గిన్నెల అడుగు అలాంటిదే. ఆయన పనికిరాదనే సరుకే మనకు పనికొస్తుందన్నమాట.

అన్నిటికన్నా సులువైనది ఇనుప రేకు. రేకుల షాపులో కొలత చెబితే కోసి, అంచు మడిచి ఇస్తారు. మూత గట్టిగా బిగిసే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అడుగున ఆ రేకు పరచాలి. పరచడానికి రెండువైపులా అంటే టేపు వాడితే ఏప్రిల్ దాకా బాగుంటుంది, మేలో లేచి వస్తుంది. నాలుగు మూలలా చిన్న స్క్రూలు బిగిస్తే ఏ కాలమైనా చింత లేదు. ఊరి నుంచి ట్రంకు పెట్టెతో వచ్చిన హాస్టల్ కుర్రాళ్లకు ఆ ఖర్చు కూడా లేదు, పెట్టె నిండా ఇనుమే. కానీ దాన్ని భుజాన వేసుకుని మెట్రో ఎక్కలేరు.

అయస్కాంతం గురించి రెండు మెలికలు. మొదటిది ఖాళీ. అయస్కాంతానికీ రేకుకూ మధ్య ఒక మిల్లీమీటరు గాలి మిగిలినా పట్టు దారుణంగా పడిపోతుంది. పీట లోపల ఎత్తులో అతికించి, ‘అయస్కాంతం పెట్టినా బొమ్మ ఊగుతోంది’ అనేవాళ్లకు కారణం ఇదే. రేకు మీద పాలిథిన్ కాగితం పరచి, దాని మీద అయస్కాంతం ఉంచి, పీటలో ఎపాక్సీ జిగురు నింపి పైనుంచి బోర్లించి ఒక రాత్రి వదిలేస్తే అయస్కాంతం పీట అంచుతో సమంగా వచ్చి కూర్చుంటుంది. రెండో మెలిక ఆ ఎక్స్‌రే పట్టీ దగ్గర బయటపడుతుంది. అయస్కాంతాన్ని రేకు నుంచి నేరుగా పైకి లాగడానికి ఎంతో బలం కావాలి, పక్కకు జార్చడానికి అందులో కొద్ది భాగం చాలు. పెట్టె నిలువుగా ఉన్నంతసేపూ పనిలేని బరువు, పెట్టె ఒరిగిన క్షణంలో పక్కకు లాగుతుంది. బరువైన లోహపు రాక్షసుడు నున్నటి రేకు మీద జారి కింది వరసంతా దులిపేస్తాడు. అందుకే బరువైనవాటికి రెండు మూడు అయస్కాంతాలు పెట్టాలి, పెట్టె పడుకుంటే కిందికొచ్చే వైపున వాటిని గోడకు ఆనించి ఉంచాలి. మెరిసే రేకుకన్నా గరుకు పెయింటు పలచగా పూసిన రేకు మంచిది.

ఎండ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే విదేశీ సలహాల్లో దీనికి చోటుండదు. పాలీస్టైరీన్ సుమారు 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. త్రీడీ ప్రింటర్లో పీఎల్ఏతో తీసిన బొమ్మ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో బయట 42 డిగ్రీలున్నప్పుడు, ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల 60 దాటడం వింతేమీ కాదు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్టు నీడన పెట్టిన కారు మీదికి రెండు గంటలకల్లా ఎండ వచ్చేస్తుంది. రెజిన్ ఈటెలు వంగితే వేణ్నీళ్లలో ముంచి తిన్నగా చేసుకోవచ్చు, పీఎల్ఏ గోడ ఒంకర తిరిగితే మళ్లీ ప్రింటు తీయాల్సిందే. సాధారణ రకం నియోడిమియం అయస్కాంతాలు కూడా 80 డిగ్రీలు దాటితే కొంత శక్తిని శాశ్వతంగా కోల్పోతాయి. సైన్యాన్ని కారులో వదిలి భోజనానికి వెళ్లొద్దు.

వానాకాలం స్పాంజికి శత్రువు. పాలియెస్టర్ రకం పాలీయురేథేన్ స్పాంజిని గాలిలోని తేమ ఏళ్ల తరబడి విడగొడుతూ పోతుంది. అటక మీద దాచిన బూట్లు కొన్నేళ్ల తర్వాత తీస్తే అడుగు పొడిపొడిగా రాలేది ఇందువల్లే. స్పాంజి జిగటగా తగిలినా, చేతికి పొడి అంటినా ఆ పలకను పారేయండి. బొమ్మకు అంటుకున్నాక రంగుతో సహా వదులుతుంది. తడిసిన సంచిలోంచి పెట్టెను వెంటనే బయటకు తీయాలి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు కొత్త బూట్లతో వస్తాయి కదా, వాటిని దాచుకోండి. మ్యాట్ వార్నిష్ స్ప్రే కూడా జూలైలో వద్దు, తేమకు బొమ్మ మీద తెల్లటి పొగమంచు పట్టినట్టవుతుంది.

ఇంత హంగామా ఎందుకు, బొమ్మల కొలువు బొమ్మల్ని అమ్మమ్మలు పాత నూలు చీరల ముక్కల్లో చుట్టి ట్రంకులో పెట్టలేదా అనొచ్చు. పెట్టారు, తరాలపాటు నిలిచాయి. కానీ ఆ బొమ్మలు ఏడాదికొకసారి అటక దిగి, మళ్లీ అటకే ఎక్కుతాయి. దశావతారాల బొమ్మలు గుండ్రటి ఒంటివి, వాటికి చుట్టిన గుడ్డ కదలదు. ఈటెలున్న సైనికుడికి చుట్టిన గుడ్డను విప్పేటప్పుడే ప్రమాదం, దారప్పోగు ఈటెకు చిక్కుకుని వస్తుంది. కొలువు నుంచి తీసుకోవాల్సింది మరొకటి ఉంది: ఒక్కో మూటలో ఏముందో పైన చీటీ రాయడం.

బండి మీద వెళ్లేవాళ్లకు పెట్టె ఎక్కడ పెట్టాలన్నది పెట్టె ఎంపికంత ముఖ్యం. ఉస్మానియా క్యాంపస్ రోడ్ల మీద ఎన్‌సీసీ గేటు నుంచి తార్నాక దాకా స్పీడ్ బ్రేకర్లు తక్కువేం కాదు. వెనక క్యారియర్‌కు తాడుతో కట్టిన పెట్టెకు ప్రతి దెబ్బా నేరుగా తగులుతుంది. స్కూటర్ కాళ్ల దగ్గర పెడితే కొంత నయం. వీపున సంచిలో ఉంటే మనిషి నడుము, మోకాళ్లు సగం కుదుపు మింగేస్తాయి. కాచిగూడ వైపు ఆట ఉంటే ఆర్ట్స్ కాలేజ్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ రైలు ఎక్కడం ఇంకా హాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముప్పై మందికి సరిపోయే పెట్టెతోనే ఆగండి. పెద్ద పెట్టె కొంటే ఖాళీ అరలు బొమ్మల్ని అడుగుతాయి, ఈ జబ్బు ఖరీదు మీకు ఇంకా తెలియదు. ప్లాస్టిక్ బొమ్మలే ఎక్కువైతే, మెట్రోలోనే తిరిగేట్టయితే రేకూ అయస్కాంతాల దారి పట్టండి. లోహపువే ఎక్కువైతే స్పాంజి. రెండూ కలిసి ఉంటే కింద స్పాంజి పలక, పైన రేకు డబ్బా. పాచికలూ స్టీలు టేపూ మాత్రం సైనికులున్న అరలో వేయకండి, వాటికి వేరే గుడ్డసంచి ఉండాలి. పెట్టె సిద్ధమయ్యాక మీకు అంతగా ఇష్టం లేని నాలుగు బొమ్మలు పెట్టి మూత బిగించి, అడ్డంగా, తలకిందులుగా తిప్పి, కాస్త గట్టిగానే కుదపండి. లోపల టకటకమని వినిపిస్తే ఆ చప్పుడు ఏ అరలోంచి వస్తోందో చూసి అక్కడొక స్పాంజి ముక్క దూర్చండి.