పనికి తగ్గ చిప్పు

2021లో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటల్లో నల్ల తామర పురుగు పడింది. పంట బాగా దెబ్బతింది. ఇలాంటప్పుడు ఏం చేయాలో చూపే వీడియోలు ఉంటాయి. వాటిలో తోటి రైతులే కనిపిస్తారు. ఇలాంటి వీడియోల పని డిజిటల్ గ్రీన్ పేరుతో 2006లో బెంగుళూరులో మొదలైంది. తరువాత మన రాష్ట్రానికీ వచ్చింది.

వీడియో చూపడానికి చిన్న ప్రొజెక్టరు చాలు. అది అరచేతిలో పడుతుంది. గోడ మీద బొమ్మ వేస్తుంది. కరెంటు పోయినా బ్యాటరీతో నడుస్తుంది. దాని లోపల గోరంత చిప్పు ఉంటుంది. అదే దాని మెదడు.

వీడియోను బాగా కుదించి కార్డులో దాస్తారు. చిప్పు దాన్ని విప్పాలి. సెకనుకు సుమారు 25 బొమ్మలు విప్పాలి. చిప్పుకు శక్తి చాలకపోతే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. శక్తి మరీ ఎక్కువైతే బ్యాటరీని తాగేస్తుంది. మందు సంగతి చెప్పేలోపే గోడ చీకటి! అందుకే వీడియో విప్పే ఏర్పాటు విడిగా ఉన్న చిప్పును ఎంచుకుంటారు. దానికి తక్కువ కరెంటు చాలు. ఉత్త పాటలకైతే ఇంకా చిన్నది చాలు. పిడికెడు కాయలు దంచడానికి రోలు ఉండగా మిల్లు ఎందుకు?

సంఘం ఇలాంటిది కొనేముందు రెండు మాటలు అడగాలి. బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది? మన వీడియో ఆగకుండా ఆడుతుందా? కొట్లోనే వేసి చూపమనాలి.