అనుమానం సాక్ష్యం కాదు



మన పాచిపెంట మీదుగా ఒడిశా వైపు పోయే కనుమ దారిలో పోలీసులు వాహనం ఆపి సంచి విప్పమంటే మనం విసుగుకోరాదు. ఆ తనిఖీకి కారణమున్నది. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు వద్ద అరకు శాసనసభ్యులు కిడారి సర్వేశ్వరరావు గారిని, మాజీ శాసనసభ్యులు సివేరి సోమ గారిని మావోయిస్టులు కాల్చి చంపారు. ప్రజల ప్రాణాలను కాపాడటం ప్రభుత్వ బాధ్యత. అందులో వాదన లేదు. ఆ బాధ్యత నిర్వర్తించేవారికి హద్దు ఉన్నదా అన్నదే నేటి మన విషయం.

2007 మే 18. అదీ శుక్రవారమే. హైదరాబాదు మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలి తొమ్మిదిమంది మరణించారు. అనంతరం జరిగిన పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు నేలకొరిగారు. నేరస్థులను వెంటనే పట్టుకోవాలన్న ఆతురతలో పలువురు ముస్లిం యువకులను నిర్బంధించారు. తమను చిత్రహింసల పాలు చేశారని వారు మొరపెట్టుకున్నారు. న్యాయస్థానంలో వారిపై నేరం రుజువు కాలేదు. వారికి ప్రభుత్వం ఇచ్చిన పరిహారపు ఉత్తర్వును సైతం 2013లో హైకోర్టు కొట్టివేసింది. తరువాత దర్యాప్తు దిశ మారింది, నిందితులూ మారారు. విచారణ ఎదుర్కొన్న ఆ ఐదుగురినీ 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా విడిచిపెట్టింది.

మరి ఆ తొమ్మిదిమందిని చంపినదెవరు? నిరపరాధిని ప్రశ్నిస్తూ గడిపిన ప్రతి దినమూ అసలు దోషికి దొరికిన గడువే. అటువంటి చోట స్వేచ్ఛతో పాటు భద్రత కూడా పోయింది. వార్త తెచ్చినవాని మాటను నమ్మేముందు విచారించవలెనని సూరయె హుజురాత్ బోధించడంలోని వివేకం ఠాణాకూ వర్తిస్తుంది.

ఇది మనవారి గోడు మాత్రమే అనుకోకండి. అదే ఏడు ఆగస్టు 20న మన్యంలోని వాకపల్లికి గాలింపుకై వచ్చిన గ్రేహౌండ్స్ సిబ్బంది తమపై అత్యాచారం చేశారని పదకొండుమంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. తీర్పు రావడానికి పదిహేనేళ్లు దాటింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని న్యాయస్థానం నిందితులను నిర్దోషులని ప్రకటించింది. అయితే దర్యాప్తు లోపాలను ఎత్తిచూపి, ఆ స్త్రీలకు పరిహారం చెల్లించమని ఆదేశించింది. వారు మన మతస్థులు కారు. మన పొరుగు కొండల ఆడబిడ్డలు.

అరెస్టుకు కారణం చెప్పాలనీ, న్యాయవాదిని కలవనివ్వాలనీ, ప్రయాణ సమయం పోను 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలపాలనీ రాజ్యాంగం 22వ అధికరణం శాసిస్తున్నది. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం కింద మాత్రం, న్యాయస్థానం అనుమతిస్తే, అభియోగపత్రం లేకుండానే 180 రోజులు నిర్బంధంలో ఉంచవచ్చు. కూలిమీద బతికే ఇంటికి అది ఒక పంటకాలం కంటే ఎక్కువ. ఇంత అధికారమున్న చోట పర్యవేక్షణ కూడా అంతే గట్టిగా ఉండాలని కోరడం దేశద్రోహమెట్లా అవుతుంది?

మన ఇండ్లలో ఎవరినైనా తీసుకొనిపోతే గుంపుగా ఠాణా మీదికి పోకండి. ఏ ఠాణాకు, ఏ వేళకు తీసుకొనిపోయారో కాగితం మీద వ్రాసి పెట్టండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించండి. స్త్రీలకు, గిరిజనులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కును 1987 నాటి చట్టం ఇచ్చింది.