ఎక్స్‌రే గదిలో నీతి, చట్టం, మర్యాద

ఎక్స్‌రే అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఒక పెద్ద యంత్రం, ఒక నల్లటి ఫిల్ము. ఆ రెంటి మధ్యా ఒక మనిషి వున్నాడనీ, ఆ మనిషిని నిలబెట్టి, పడుకోబెట్టి, చెయ్యి తిప్పి, ఊపిరి బిగబట్టించే మరో మనిషి వున్నాడనీ అంతగా తట్టదు. ఆ రెండో మనిషినే రేడియోగ్రాఫర్ అంటాం. ఆస్పత్రి వాడుకలో ఎక్స్‌రే టెక్నీషియన్. ఈ విద్య నేర్చుకుంటున్నందుకు మన కళాశాల మిత్రులకు దీన్ని గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. యంత్రాల సంగతి పాఠ్యపుస్తకాల్లో కావలసినంత వుంది. నేను రోగి సంగతే చెబుతాను.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనుగొన్నాడు. ఆ డిసెంబరులోనే భార్య చేతిని చిత్రం తీస్తే ఎముకలతోపాటు వేలి ఉంగరం కూడా పడింది. అంటే మనిషి ఎక్స్‌రేలోకి మనిషి నగ మొదట్లోనే వచ్చి కూర్చుందన్నమాట! కిరణాలు కంటికి కనబడవు, ఒంటికి తెలియవు. తొలిరోజుల్లో వీటితో పనిచేసినవారిలో ఎందరో వేళ్ళూ, చేతులూ, కొందరైతే ప్రాణాలే పోగొట్టుకున్నాక గాని వీటి హాని లోకానికి బోధపడలేదు.

మన దేశంలో 1962 నాటి అణుశక్తి చట్టం కింద 2004లో వికిరణ రక్షణ నియమాలు చేశారు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి వీటి అమలు చూస్తుంది. మాలాంటి పనివారికి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదని హద్దు. రొమ్ముమీద తగిలించుకునే టి.ఎల్.డి. బాడ్జీ మా లెక్క చెబుతుంది. మరి రోగికో? ఇంతకు మించకూడదని రోగికి హద్దు పెట్టలేదు. జబ్బు తేల్చడానికి ఎంత అవసరమవుతుందో ముందే గీత గీయడం కుదరదు గదా! అవసరముంటేనే తీయాలి, తీసినా వీలైనంత తక్కువతో తీయాలి. సూత్రం ఇంతే. ఛాతీ ఎక్స్‌రేకు పడేది 0.1 మిల్లీసీవర్టు, లేదా అంతకన్న తక్కువ. కడుపు సి.టి. స్కానుకైతే 10కి దరిదాపు. ప్రకృతిలోంచే ఏటా సగటున 2.4 దాకా పడుతూ వుంటుంది. కనుక బెంబేలు పడనక్కర్లేదు, అలాగని అలక్ష్యమూ పనికిరాదు. చిత్రం చెడి రెండోసారి తీస్తే మోతాదు రెట్టింపయినట్టు రోగికి తెలియను కూడా తెలియదు. అతనికి బాడ్జీ లేదు. ఆ గదిలో అతని తరఫున లెక్క చూసేది రేడియోగ్రాఫరే.

నేను చెప్పదలచింది ఇదే: నీతి, చట్టం, మర్యాద అని మూడు వేర్వేరు పాఠాలు లేవు. ముట్టుకునే ముందు అడగడం, చేసేముందు చెప్పడం అలవాటైతే మూడూ ఒక్కసారే నెరవేరతాయి.

మర్యాద సంగతి చూడండి. ఛాతీ ఎక్స్‌రేకు వచ్చిన స్త్రీ మెడలో పుస్తెలతాడు, నల్లపూసలు, తాడుకు గుత్తిగా తగిలించిన పిన్నీసులు. ఇవన్నీ చిత్రంలో తెల్లగా పడి వెనకవున్నదాన్ని కప్పేస్తాయి. భుజంమీంచి ముందుకు వేసుకున్న జడ కూడా ఊపిరితిత్తి పైభాగాన నీడగా కనబడి, క్షయేమోనన్న అనుమానం తెచ్చిపెట్టగలదు. ‘అవన్నీ తీసెయ్’ అని గద్దిస్తే ఆమెకు చెయ్యి రాదు. పుస్తెలు తియ్యడమంటే ఎంత మాటో మన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకు వేరే చెప్పాలా? ‘అమ్మా, దీని నీడ పడితే డాక్టరుగారికి లోపల సరిగా కనబడదు, మళ్ళీ తియ్యాల్సొస్తుంది. తియ్యక్కర్లేదు, కాస్త పైకి జరుపుకోండి’ అంటే చాలాసార్లు పని జరిగిపోతుంది. ఎం.ఆర్.ఐ. గదిలో మాత్రం ఈ వెసులుబాటు లేదు. అక్కడి అయస్కాంతం ఇనప పిన్నీసును తూటాలా లాక్కుంటుంది. పుస్తెలు తియ్యక తప్పనప్పుడు పసుపుకొమ్ము కట్టిన తాడు వేసుకోవడం మన ఆడవాళ్ళకు తెలిసిన పద్ధతే. ఆ విభాగంలో నాలుగు పసుపుతాళ్ళూ, కొమ్ములూ వుంచితే ఎంత ఖర్చు? తాయెత్తుకూ, మొలతాడుకూ ఇదే న్యాయం. బురఖాలో వచ్చిన సోదరికి ఒక తెర, ఒక నర్సమ్మ తోడు చాలు.

మాట కూడా మర్యాదలో భాగమే. ప్యాంటూ చొక్కా వేసుకున్నాయన్ని ‘మీరు’ అనీ, గోచీ పెట్టుకున్న ముసలాయన్ని ‘ఒరే, ఇటు తిరుగు’ అనీ పిలవడం ఏ పుస్తకంలోనూ లేదు, కాని చాలాచోట్ల వినబడుతుంది. ‘పెద్దాయనా, గాలి గట్టిగా పీల్చి బిగబట్టండి’ అని ముందే ఓసారి చేయించి చూస్తే చిత్రం కదలదు. హైదరాబాదులో అయితే ‘సాఁస్ లో, రోకో, ఛోడో’ అన్న మూడు ఉర్దూ ముక్కలు నేర్చుకోవడానికి మూడు నిమిషాలు పట్టదు. అర్థంకాని భాషలో అరిస్తే రోగి ఊపిరి బిగబట్టడు, బిక్కచచ్చిపోతాడు.

అన్నిటికన్నా సున్నితమైన ప్రశ్న ఒకటుంది. పొత్తికడుపుకో, నడుముకో ఎక్స్‌రే తీసేముందు వయసులో వున్న స్త్రీని నెలసరి ఎప్పుడొచ్చిందో, గర్భం వుండే అవకాశం వుందేమో అడిగి తీరాలి. అత్తగారి ఎదుటో, అన్నగారి ఎదుటో అడిగితే నిజం రాదు. తోడొచ్చినవాళ్ళను బయట కూర్చోబెట్టి, తలుపు వేసి, పెళ్ళయిందా కాలేదా అన్నదానితో నిమిత్తం లేకుండా, ‘అందర్నీ అడుగుతామమ్మా’ అని మెల్లగా అడగాలి. ఇక్కడ సిగ్గుపడితే నష్టపోయేది నోరులేని పసికందు. అలాగని గర్భవతికి ఎక్స్‌రే తీయనే కూడదనీ కాదు. ప్రాణంమీదికొచ్చినప్పుడు డాక్టరుగారు మంచిచెడ్డలు తూచి నిర్ణయిస్తారు.

ఇక చట్టం. సమ్మతి అంటే కాగితంమీద వేలిముద్ర కాదు. ఏం చేస్తారో, దానివల్ల లాభనష్టాలేమిటో, వేరే దారి వుందో లేదో తెలిశాక ఒప్పుకోవడమే సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకదానికి ఒప్పుకుంటే మరొకదానికి ఒప్పుకున్నట్టు కాదనీ, ప్రాణాపాయం వుంటే తప్ప మళ్ళీ అడగాలనీ కూడా చెప్పింది. స్కానుకు ఒప్పుకున్నంత మాత్రాన రంగుమందు ఇంజక్షనుకు ఒప్పుకున్నట్టేనా? కాదు. అది చెప్పాలి. మందులు పడకపోవడం, మూత్రపిండాల జబ్బు వుందేమో అడగాలి.

గర్భస్థ శిశువు ఆడో మగో చెప్పడాన్ని 1994 నాటి చట్టం నిషేధించింది. 2003లో దాన్ని ఇంకా బిగించారు. మాటలతోగాని, సైగలతోగాని, మరే విధంగాగాని చెప్పరాదని అందులో వుంది. ‘లడ్డూ పంచుకోండి’ అన్నా నేరమే. మొదటి తప్పుకే మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. ఎయిడ్స్ రోగి వివరాలు అనుమతి లేకుండా బయటపెట్టరాదని 2017 నాటి చట్టం చెబుతోంది. మిగతా రోగుల రహస్యం మాత్రం రహస్యం కాదా? వింతగా వుందని ఫిల్మును సెల్‌ఫోనులో ఫోటో తీసి స్నేహితులకు పంపడం ఎవరి జబ్బయినా తప్పే.

కుడి ఎడమల గుర్తు చిన్న సీసపు ముక్క. కాని అది తారుమారైతే బాగున్న కాలికి కోత పడవచ్చు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, బడి ధ్రువపత్రమూ, పుట్టిన తేదీ పత్రమూ లేనప్పుడు ఎముకల పరీక్షతో వయసు తేలుస్తారు. పేదవాడి బిడ్డకు ఆ కాగితాలు లేకపోవడం మనకు కొత్త కాదు. ఆ మణికట్టు చిత్రంమీద పేరు మారినా, చిత్రం మసకబారినా ఒక కుర్రవాడు బాలల గృహానికి పోవలసింది పెద్దల జైలుకు పోవచ్చు. మీట నొక్కేటప్పుడు ఇది గుర్తుండాలి.

మా వృత్తికి రిజిస్టరూ, నడవడి నియమాలూ ఏర్పరచడానికి 2021లో జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. సంతోషమే. ఐతే తలుపు వేశాక లోపల వుండేది ఇద్దరే. అక్కడికి ఏ కమిషనూ రాదు.

మిత్రులారా, మీరంతా రేడియోగ్రాఫర్లు కాబోరు. కాని మీరో, మీ అమ్మగారో ఏదో ఒకనాడు ఆ గుమ్మం తొక్కకపోరు. పాత ఫిల్ములుంటే వెంట తీసుకెళ్ళండి, మళ్ళీ తీయాల్సిన పని తప్పవచ్చు. ‘ఇది ఎందుకు? ఎన్నిసార్లు తీస్తారు?’ అని అడగండి. నెల తప్పిన అనుమానం వుంటే వాళ్ళు అడక్కపోయినా చెప్పండి. ‘ఫిల్ములో ఏముందండీ?’ అన్నప్పుడు ‘డాక్టరుగారు చెబుతారు’ అంటే కోపం తెచ్చుకోకండి. అది పొగరు కాదు, మా హద్దు. మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పడం మా ధర్మం, అడగడం మీ హక్కు.