ముసలి విమానము – విడిభాగముల జాతకము

నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతములలో బావి మోటారు చెడినప్పుడు రైతు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "సామాను దొరుకునా?" ఒక చిన్న బేరింగు దొరకక మడి ఎండుటయు కలదు, మూలబడిన పాత మోటారును విప్పి, అందలి మంచి భాగమును అమర్చి పంటను దక్కించుకొనుటయు కలదు. బాంబరు విమానముల విషయమును ఇట్టిదే.

రెండవ ప్రపంచ యుద్ధము ముగియునప్పటికి కాన్పూరు చెంత చకేరీలో లిబరేటరు అను నాలుగు ఇంజనుల అమెరికా బాంబర్లు అనేకము నిలిచియుండెను. అమెరికా వానిని బ్రిటనుకు ఎరువుగా ఇచ్చినది. యుద్ధానంతరము వానిని తిరిగి ఒప్పగింపవలెను, లేదా పనికిరాకుండ చేయవలెను. బ్రిటిషువారు వానిని చెడగొట్టి విడిచిపోయిరి.

కాశ్మీరు యుద్ధము సాగుచున్న 1948లో మన వైమానిక దళమునకు భారీ బాంబర్లు లేవు. బెంగుళూరులోని హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థవారు ఆ తుక్కునే పరీక్షించిరి. పైలటు జంషెడ్ మున్షీ వానిని ఒక్కొక్కటిగా కాన్పూరునుండి బెంగుళూరునకు నడిపి తెచ్చెను. అచట సంపూర్ణముగ మరమ్మతు జరిగెను. ఆ యేడు నవంబరులో వానితో 5వ స్క్వాడ్రను ఏర్పడెను. నలుబదికి పైగా విమానములు మరల ఎగిరినవి. కడపటివి 1968 డిసెంబరు వరకు సముద్రముపై కావలి కాచినవి.

లిబరేటర్ల తయారీ 1945లోనే ఆగిపోయినది. మరి భాగములను వెదకి తెచ్చి బిగించిన చాలునా? చాలదు. రబ్బరు గొట్టము వాడకున్నను కాలక్రమమున పెళుసెక్కును. లోహము పైకి నిగనిగలాడుచున్నను లోలోపల అలసిపోవును. తీగను పలుమార్లు వంచి చూడుడు, తుదకు తెగును. అందుచేత ముఖ్యమైన భాగములకు ఇన్ని గంటలని ఆయువు నిర్ణయింతురు. అది తీరగానే, చూపునకు బాగున్నను, తీసివేయుదురు. ఒక విమానపు భాగమును మరొకదానికి అమర్చునప్పుడు దాని జాతకమును వెంట రావలెను: ఎప్పుడు చేసిరి, ఎన్ని గంటలు ఎగిరినది, ఎవరు పరీక్షించిరి. జాతకము తెలియని భాగమును నమ్మి ఎగురుట సిబ్బంది ప్రాణములను పణముగ పెట్టుటయే.

అమెరికావారి బి-52 బాంబర్లలో కడపటిది 1962లో తయారైనది; అవి నేటికిని ఎగురుచున్నవి. పాత విమానములను అరిజోనా ఎడారిలో భద్రపరతురు. పొడిగాలికి త్రుప్పు త్వరగా పట్టదు. అచట 2008 నుండి నిలిపియుంచిన ఒక బి-52ను 2015లో మరల ఎగురవేసిరి.

నాడు మనము తుక్కులో భాగములను ఏరుకొంటిమి. నేడు నాగార్జునసాగరపు బాటకు చేరువనున్న ఆదిభట్లలో సి-130 రవాణా విమానముల తోక భాగములు తయారై అమెరికాకు పోవుచున్నవి. "సామాను దొరుకునా?" అని అడిగినచో బదులు చెప్పగల చేతులు ఇప్పుడు మన పొరుగుననే ఉన్నవి.