రిగ్గుల షెడ్డులో కరెంటు లెక్క
2022 సెప్టెంబర్ 15 దాకా ఈథీరియం క్రిప్టోకరెన్సీని గ్రాఫిక్స్ కార్డులతో మైనింగ్ చేసేవారు. ఒక మదర్‌బోర్డుకు ఆరేడు కార్డులు తగిలిస్తే అది ఒక రిగ్గు. వందల రిగ్గులు నడిపేవారి లాభనష్టాలను తేల్చేది కార్డుల వేగం కన్నా కరెంటూ, వేడీనే. ఆ పనిలో భారమంతా మెమరీ మీదే పడేది. అందుకే తెలిసినవారు కోర్ వేగం తగ్గించి మెమరీ వేగం పెంచేవారు. 220 వాట్ల ఆర్‌టీఎక్స్ 3070 కార్డు సుమారు 120 వాట్లతోనే నడిచేది. రిగ్గుకు 800 వాట్లు వేసుకున్నా వంద రిగ్గులకు రోజుకు 1,920 యూనిట్లు. అదంతా చివరికి వేడే. దాన్ని బయటికి తోలే ఫ్యాన్లకు మళ్ళీ కరెంటు. వైర్ల దగ్గర పొదుపు మరీ ప్రమాదం. కార్డు స్లాట్ నుంచి 75 వాట్ల దాకా లాగగలదు, సాటా కనెక్టర్ 12 వోల్టుల లైను తట్టుకునేది 54 వాట్లే. కార్డును మదర్‌బోర్డుకు కలిపే రైజర్‌కు ఆ కనెక్టర్‌ను తగిలిస్తే ప్లాస్టిక్ కరిగి మంటలు రేగొచ్చు.

నాణెం ధర పెరిగితే కరెంటు బిల్లు ఓ లెక్కా అంటారు కొందరు. కానీ ధర పెరగగానే కొత్త రిగ్గులు వచ్చి చేరతాయి, పంచే నాణేలు మాత్రం పెద్దగా పెరగవు, ఒక్కొక్కరి వాటా తరిగిపోతుంది. ఈథీరియం మైనింగ్ ఆగిపోయాక కార్డులు ఈథీరియం క్లాసిక్, రేవెన్‌కాయిన్ వైపు మళ్ళాయి. అక్కడి రాబడి అంతమందికి చాల్లేదు. కరెంటు ఖర్చు కూడా రాని చోట రిగ్గులు విప్పి, కార్డులను సెకండ్‌హ్యాండ్‌లో అమ్మేశారు.